మొక్కకు ముందు వాననీరు



మెట్టభూమిలో తోట వేయదలచినవారు మొదట మొక్కలు తెచ్చి నాటుట, పిదప నీటికై బోరు వేయుట మనలో అలవాటైనది. ఈ వరుస తలక్రిందులని నా అభిప్రాయము.

నేనును ఈ తప్పు చేసినవాడనే. ఉద్యోగములో చేరిన తొలి సంవత్సరము ఒక రైతుచే వాలు వెంబడి గుంటలు తీయించి మామిడి నాటించితిని. ఎన్ని మొక్కలు నాటితిమో లెక్కించి నివేదిక పంపితిని. వాననీరు వరుసల వెంట పారి మన్నును కోసికొనిపోయెను. రెండవ వేసవికి చాల మొక్కలు ఎండెను. నష్టము నాది కాదు, ఆ రైతుది.

పర్మాకల్చర్, అనగా శాశ్వత వ్యవసాయము అను పద్ధతిని ఆస్ట్రేలియాలో బిల్ మాలిసన్, డేవిడ్ హోమ్‌గ్రెన్ అనువారు 1978లో గ్రంథరూపమున వెలువరించిరి. 2017లో దీని అంతర్జాతీయ సదస్సు హైదరాబాదులో జరిగినది. పేరు క్రొత్తదైనను, పడిన వానను పడినచోటనే ఆపవలెనను సూత్రము చెరువులు కట్టిన మన పెద్దలకు తెలిసినదే.

ఎకరముపై 1 మి.మీ. వాన కురిసిన సుమారు 4,000 లీటర్ల నీరు. అనంతపురము ప్రాంతమున సగటు వర్షము సుమారు 550 మి.మీ. అనగా కరవుసీమలో సైతము ఎకరమునకు 22 లక్షల లీటర్లు! దీనిని వదలి బోరును నమ్ముకొనుట తగునా?

మూడు కఱ్ఱలను ఆంగ్ల 'ఏ' అక్షరమువలె కట్టి, కొననుండి రాయి కట్టిన దారము వ్రేలాడదీయుడు. దారము అడ్డుకఱ్ఱ నడిమి గుర్తుపై నిలిచినచో రెండు కాళ్లును ఒకే మట్టమున నున్నట్లు. ఆ గుర్తుల వెంబడి కందకము త్రవ్వి, మన్నును పల్లపువైపు గట్టుగా వేయవలెను. మిగులు నీటికి రాళ్లు పరచిన అలుగు విడువవలెను. లేనిచో పెద్దవానకు గట్టు తెగును. ఇది ఎఱ్ఱనేలలకు తగిన పద్ధతి. నీరు నిలుచు నల్లరేగడిలో కందకమునకు కొద్ది వాలు ఇచ్చి నీటిని కుంటలోనికి మళ్లించవలెను.

ఆ పిదపనే మొక్కలు. గట్టుపై పచ్చిరొట్టకు గ్లైరిసిడియా, గట్టు దిగువన మామిడి, సీతాఫలము, నడుమ కంది, కొఱ్ఱ వేయవచ్చును. దినమును చూడవలసిన కూరపాదులు, మునగ ఇంటి చెంత. అరుదుగా చూచు వేప, కానుగ పొలము అంచున ఉండవలెను.

కందకములకు భూమి పోవునని కొందరందురు. నిజమే. కాని వానతో కొట్టుకొనిపోయిన మేలిమన్ను తిరిగి రాదు.

నావంటి అధికారులము నాటిన మొక్కలను గాక, మూడవ వేసవికి బ్రతికియున్న మొక్కలను లెక్కింప నేర్వవలెను. మీరును తొలకరివానలో గొడుగు పట్టుకొని మీ పొలములో ఒకసారి నడువుడు. నీరు ఎచట చేరి, ఎటు పోవుచున్నదో చూడుడు. తోట పటము అచటనే మొదలగును.