రేటు అడుగుతాం సరే, తారీఖు ఎప్పుడు అడుగుతాం?

కాస్త పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మన కె. కోటపాడు చుట్టుపక్కల బెల్లం గానీ, కూరగాయలు గానీ, సరుగుడు గానీ అమ్మేటప్పుడు రేటు దగ్గర గట్టిగానే నిలబడతాం. కిలోకి రూపాయి కోసం గంట సేపు బేరమాడతాం. కానీ "డబ్బులు ఏ రోజు ఇస్తావు?" అని అడగాలంటే మాత్రం మొహమాటం. "ఇస్తాలే బాబూ, ఎక్కడికి పోతాను" అంటే సరేనని లోడు ఎత్తించేస్తాం. నా ఉద్దేశంలో మనం ఎక్కువ పోగొట్టుకుంటున్నది రేటులో కాదు, ఈ తారీఖులోనే.

చెరుకుతో లెక్క వేసి చూద్దాం. 2025-26 సీజనుకి రికవరీ 9.5 శాతం, అంతకంటే తక్కువ ఉన్న ఫ్యాక్టరీలు ఇవ్వాల్సిన ధర క్వింటాలుకి 329 రూపాయల 5 పైసలు. ఇరవై టన్నులు తోలితే సుమారు 65,800. ఆ డబ్బు ఆరు నెలలు ఆగిందనుకోండి. ఈలోగా కూలీలకి, ఎరువులకి బయట నూటికి రెండు రూపాయల వడ్డీకి అంత సొమ్మూ తెస్తే, ఆరు నెలల వడ్డీ దాదాపు 7,900. అంటే టన్నుకి 395 రూపాయలు. బేరంలో ఎవరైనా టన్నుకి 395 తగ్గించమంటే ఒప్పుకుంటామా? ఆలస్యం పేరుతో అదే తగ్గిస్తే నోరెత్తం. పైగా 3 లక్షల లోపు పంట రుణం గడువులోగా కడితే వచ్చే 3 శాతం వడ్డీ రాయితీ, గడువు దాటితే పోతుంది.

చట్టం లేదా అంటే ఉంది. 1966 నాటి చెరుకు నియంత్రణ ఉత్తర్వు ప్రకారం చెరుకు అందిన 14 రోజుల్లోగా డబ్బు ఇవ్వాలి. దాటితే ఏడాదికి 15 శాతం వడ్డీ కలపాలి. అయినా ఇవ్వకపోతే భూమి శిస్తు బకాయిలాగా కలెక్టరు ద్వారా వసూలు చేయించొచ్చు. ఇంత ఉన్నా గోవాడ చెరుకు బకాయిల కోసం మనవాళ్లు రోడ్డెక్కాల్సి వచ్చింది. ఒక్కడు అడిగితే కాగితం కింద కాగితం అయిపోతుంది. తోలిన టన్నులు, తేదీలు, 15 శాతం వడ్డీ లెక్కతో ఊరంతా కలిసి ఒకే అర్జీ పెడితే దాని బరువు వేరు.

మరి పాల డబ్బు చూడండి. చిన్న మొత్తమే, కానీ పది పదిహేను రోజులకోసారి చేతికొస్తుంది. ఎందుకు? బిల్లు తేదీ ముందే తెలుసు. ప్రతి పూటా లీటర్లు, వెన్న పుస్తకంలో రాస్తారు. డబ్బు పడకపోతే మర్నాడు పాలు పొయ్యడం మానెయ్యొచ్చు. తేదీ, రాత, ఆపే వీలు. ఈ మూడూ ఉన్న చోట డబ్బు నడుస్తుంది, లేని చోట ఆగుతుంది. చెరుకు ఒక్కసారి నరికాక ఆపలేం కాబట్టి అక్కడ రాత, ఐకమత్యమే దిక్కు. మిగతా సరుకులకి మాత్రం పాల పద్ధతి మనమే పెట్టుకోవచ్చు.

హోటలుకో, కొట్టుకో కూరగాయలు వేస్తుంటే పాత లోడు డబ్బు పడ్డాకే కొత్త లోడు. సరుకు ఎత్తిన రోజే బరువు, రేటు, ఇచ్చే తేదీ వాట్సాప్‌లో పెట్టి, అవతలివాడి చేత "సరే" అనిపించుకోండి. అనకాపల్లి యార్డుకి బెల్లం పట్టుకెళ్తే దిమ్మల లెక్క, కోతలు, డబ్బిచ్చే తేదీ ఉన్న పట్టీ లేకుండా వెనక్కి రావద్దు. అడ్వాన్సు తీసుకున్న షావుకారు దగ్గర తారీఖు అడిగే గొంతు ఉండదు. అందుకే అడ్వాన్సు ఎంత తక్కువైతే అంత మంచిది.

పాత బాకీలుంటే ఇంకో మాట. మామూలుగా అమ్మిన సరుకు బాకీకి కోర్టు గడువు మూడేళ్లు. ఆ లోపే సంతకంతో బాకీ ఒప్పుకున్నట్టు రాయించుకుంటే గడువు మళ్లీ మొదలవుతుంది. చెక్కు బౌన్సయితే బ్యాంకు చెప్పిన 30 రోజుల్లో నోటీసు ఇవ్వాలి. బెల్లం క్రషరు, నూనె గానుగ నడిపేవాళ్లు ఉద్యమ్ రిజిస్ట్రేషను ముందే చేయించుకోండి, పైసా ఖర్చు లేదు. 2006 చట్టం ప్రకారం రాతపూర్వక ఒప్పందం ఉన్నా కొన్నవాడు 45 రోజులు దాటకూడదు, లేకపోతే 15 రోజులే. పొలంలో పండించిన పచ్చి సరుకుకి ఈ చట్టం వర్తించదు, అదే బాధ.

"ఊళ్లోవాడే కదా, తారీఖు అడిగితే నమ్మకం లేదనుకుంటాడు" అంటారు. చిన్న వ్యాపారికీ పైనుంచి డబ్బు ఆగుతుంది, అదీ నిజమే. కానీ స్నేహాలు చెడేది తారీఖు అడిగినప్పుడు కాదు, ఆరు నెలల తర్వాత ఫోను ఎత్తనప్పుడు. వాడికి ఇబ్బంది ఉంటే ఇరవై రోజులు ఎక్కువ అడగమనండి, ఇద్దాం. కానీ అది రాసుకుని ఇద్దాం.

ఇది ఒక్కరే అడిగితే "ఆయనతో పేచీ" అని పక్కోడి సరుకు కొంటారు. ఊరంతా అడిగితే అదే పద్ధతైపోతుంది. ఈసారి లోడు ఎత్తే ముందు రేటుతో పాటు తారీఖు కూడా అడగండి.