పేరుకుంటే కల్తీయేనా?

హాస్టల్ మిత్రులారా, ముందుగా మా తప్పు ఒప్పుకుంటాం.

మా పీజీ గదిలో ఉండే నలుగురం గత చలికాలంలో, ఊరి బయట పొద్దుతిరుగుడు చేల గట్ల మీద తేనెపెట్టెలు పెట్టుకున్న ఒకాయన దగ్గర కిలో తేనె కొన్నాం. ఇరవై రోజులకు సీసాలో సగానికి పైగా గడ్డకట్టింది. పంచదార పాకం అంటగట్టాడని సీసా పట్టుకుని పోట్లాటకు వెళ్లాం. "ఏమయ్యా, చదువుకున్నవాళ్లనే మోసం చేస్తావా?" అని కూడా అన్నాం.

ఆయన కోపగించుకోలేదు. "మీ ఇంట్లో నెయ్యి పూసకడితే పారబోస్తారా బాబూ?" అని అడిగి, డేరాలోంచి ఒక డబ్బా తెచ్చి మూత తీశాడు. తెల్లగా, వెన్నలా ఉంది. చెంచా వంచినా జారలేదు. నోట్లో ఎక్కడా పలుకు తగల్లేదు. అదీ తేనేనట!

తేనెలో ఉన్న గ్లూకోజు చల్లబడితే స్ఫటికాలుగా విడిపోతుంది. పొద్దుతిరుగుడు తేనె మరీ త్వరగా పేరుకుంటుంది. మాలో ఇద్దరు ఎమ్మెస్సీ కెమిస్ట్రీ. అతిసంతృప్త ద్రావణం గురించి రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్లమే, సీసా చూస్తే గుర్తుకు రాలేదు. దాని మానాన వదిలేస్తే పలుకులు పెరిగి ఇసుకలా తగులుతాయి. అదే పాలకు తోడు వేసినట్టు, మెత్తగా పేరుకున్న పాత తేనెను పదో వంతు కలిపి, 14 డిగ్రీల చల్లదనంలో వారం పాటు ఉంచితే వెన్నలా తయారవుతుంది. కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎల్టన్ డైస్ ఈ పద్ధతికి 1935లో పేటెంటు పొందారు. బయటిదేశాల్లో క్రీమ్డ్ హనీ అంటారు. ఈయనేమో తెలిసినవాళ్ల కూల్‌డ్రింక్ షాపు ఫ్రిజ్‌లో పెట్టి చేస్తున్నాడు.

పేరుకున్నంత మాత్రాన స్వచ్ఛమైనదని కాదు, నిజమే. కానీ షాపులో లేబులు అంటించిన సీసాను మనం ఎప్పుడైనా నిలదీశామా? 2020లో సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 13 బ్రాండ్ల తేనెను పరీక్ష చేయిస్తే అన్నింటిలో నెగ్గినవి మూడే.

మా నలుగురి ఇళ్లలోనూ డిగ్రీ చదివింది మేమే మొదలు. పత్తిలో తేమ ఉందని, వడ్లలో తాలు ఉందని తరుగు తీస్తుంటే కాంటా పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డ నాన్నలను చూస్తూ పెరిగాం. ఆ రోజు గట్టు మీద మేం మాట్లాడిన మాటలు అచ్చం ఆ కాంటా దగ్గరివే. తిరిగి వచ్చేటప్పుడు దారిలో ఎవరం మాట్లాడుకోలేదు.

ఇప్పుడు ఆయన్ని బాబాయ్ అంటున్నాం. వార్షికోత్సవానికి వచ్చే పూర్వ విద్యార్థులకు చపాతీలతో ఆ తేనె వడ్డిద్దామని అడిగితే, మెనూలో లేదన్నారు. తలా పది రూపాయలు వేసుకున్నాం. రెండు కిలోలు చెప్పాం, బేరమాడలేదు.