ఒక కన్ను మూసి సూదిలో దారం ఎక్కించండి, చూద్దాం!

పని అంతా అయ్యాక ఈవేళ ఓ చిన్న పరీక్ష చేసి చూడండి. సూది ఒక చేత్తో, దారం మరో చేత్తో పట్టుకుని, ఒక కన్ను మూసి ఎక్కించండి. బెజ్జం ఎదురుగానే ఉంటుంది. దారం మాత్రం దానికి ముందునుంచో వెనకనుంచో జారిపోతుంది. రెండో కన్ను తెరవగానే పని సులువవుతుంది. ఎందుకని?

మన రెండు కళ్ళకీ మధ్య దూరం ఆరు సెంటీమీటర్ల పైచిలుకు. అందుకే ఒకే వస్తువు ఒక్కో కంటికి కాస్త తేడాగా కనిపిస్తుంది. బొటనవేలు ముఖానికెదురుగా పెట్టి ఒకసారి కుడికన్ను, ఒకసారి ఎడమకన్ను మూయండి. గోడమీది క్యాలెండర్ ముందు వేలు అటూ ఇటూ గెంతుతుంది. దగ్గరికి తెస్తే గెంతు పెరుగుతుంది, దూరం జరిపితే తగ్గుతుంది. ఈ తేడాలోంచే మనకి లోతు తెలుస్తుందని 1838లో ఇంగ్లండులో చార్లెస్ వీట్‌స్టన్ అనే శాస్త్రవేత్త అద్దాల పరికరంతో నిరూపించాడు.

అయితే ఆ లెక్క కట్టేది కన్ను కాదు, మెదడు. మనం కొప్పు పెట్టుకునే చోట, పుర్రె లోపల, చూపు కేంద్రం ఉంటుంది. రెండు కళ్ళ కబుర్లూ అక్కడిదాకా వేరువేరుగానే వెళ్ళి, అక్కడ మొదటిసారి ఒకే కణానికి చేరతాయి. పిల్లలిద్దరూ ఒకే గొడవని చెరో రకంగా చెబితే, రెండూ విని అసలు జరిగిందేమిటో అమ్మ పోల్చుకోదూ? అలాగన్నమాట! ఆ కణాల్లో కొన్ని వస్తువు మనం చూస్తున్న చోటికన్నా దగ్గరుంటే స్పందిస్తాయి, కొన్ని దూరంగా ఉంటే స్పందిస్తాయి. ఇలాంటి కణాలు పిల్లి మెదడులో ఉన్నాయని 1967లో తెలిసింది.

ఈ ఏర్పాటు పుట్టుకతో పూర్తయి రాదు. పాపాయికి మూడు, నాలుగు నెలలు వచ్చేసరికి లోతు తెలియడం మొదలవుతుంది. ఆ తర్వాత కొన్నేళ్ళపాటు రెండు కళ్ళూ కలిసి పనిచేస్తేనే అది గట్టిపడుతుంది. హ్యూబెల్, వీజెల్ అనే శాస్త్రవేత్తలు పిల్లికూనల ఒక కన్ను కొన్నాళ్ళు మూసి ఉంచి, తర్వాత తెరిచారు. కన్ను బాగానే ఉంది, కానీ మెదడు కణాలు దాని మాట వినడం మానేశాయి! పెద్ద పిల్లులకి ఇలా జరగలేదు. చూపు గురించి చేసిన పరిశోధనలకి వాళ్ళిద్దరికీ 1981లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఇదంతా మనకెందుకంటారా? మెల్లకన్ను అదృష్టమని ఇంకా అనేవాళ్ళున్నారు కదా, అందుకు! మా చిన్నాడపడుచు కూతురికి చిన్నప్పుడు కాస్త మెల్ల ఉండేది. “అదృష్టజాతకురాలు, డాక్టరెందుకే?” అన్నారు పెద్దవాళ్ళు. తొమ్మిదో ఏట స్కూల్లో కళ్ళ పరీక్ష చేస్తే ఎడమకంటికి సరిగా కనపడదని తేలింది. “ఇన్నాళ్ళూ చెప్పలేదేమే?” అంటే, “అందరికీ ఇంతేననుకున్నానత్తా!” అంది. నా కళ్ళు చెమర్చాయి. కళ్ళజోడు, కంటికి కట్టు వాడాక చూపు కొంత మెరుగైంది. లోతు మాత్రం పూర్తిగా రాలేదు. ఇప్పటికీ నీళ్ళు వంచేటప్పుడు చెంబు మూతిని గ్లాసు అంచుకి ఆనించే పోస్తుంది.

కనుక అమ్మలూ, ఈ సంగతులు గుర్తుంచుకోండి:

* నాలుగు నెలలు దాటాక కూడా బిడ్డకి మెల్ల ఉంటే, అప్పుడప్పుడూ వచ్చిపోతున్నా సరే, కళ్ళ డాక్టరుకి చూపించండి.
* ఒక కన్ను మూస్తే ఊరుకుని, రెండోది మూస్తే పేచీ పెడుతుంటే, తల ఓ పక్కకి వంచి చూస్తుంటే అనుమానించండి.
* కంటిపాప తెల్లగా కనపడితే ఆ రోజే వెళ్ళండి.
* ఏ ఇబ్బందీ లేకపోయినా బడిలో వేసేలోపు ఒకసారి పరీక్ష చేయించండి. ఒక కన్ను బాగుంటే రెండోదాని లోపం పిల్లలకే తెలియదు.
* బాగున్న కంటికి కట్టు కట్టడం మంచి వైద్యమే. కానీ ఎన్ని గంటలో, ఎన్ని నెలలో డాక్టరు చెప్పాలి. మీ అంతట మీరు కట్టకండి.

ఆలస్యమైందని నిరాశ పడనక్కర్లేదు. అమెరికాలో సూసన్ బారీ అనే ప్రొఫెసరుకి పసితనం నుంచీ మెల్ల. 48 ఏళ్ళ వయసులో కంటి వ్యాయామాలు చేశాక, 2002లో ఒకరోజు కారు స్టీరింగు తనవైపు ముందుకొచ్చినట్టు కనపడిందట! అందరికీ ఇలా జరుగుతుందని కాదు. ప్రయత్నం మానకూడదని మాత్రం తెలుస్తోంది. లోతు తెలియకపోయినా నీడలు, వస్తువుల సైజులు చూసి మెదడు దూరాన్ని అంచనా వేస్తుంది. 1961లో కారు ప్రమాదంలో కుడికంటి చూపు పోయిన పటౌడీ, మరుసటి ఏడాదే భారత క్రికెట్ జట్టుకి కెప్టెనయ్యాడు.

అయినా, చేతిలో ఉన్న సమయాన్ని ‘అదృష్టం’ పేరుతో పోగొట్టుకోవడమెందుకు? మీ చిన్నారిని ఒకసారి దగ్గర కూర్చోబెట్టుకుని, ఒక్కో కన్ను మూసి, ఏం కనపడుతోందో అడగండి.