పోలండ్: ధరలకు తొందర, అమ్మకాలకు నిదానం

1991 ఏప్రిల్ 16న వార్సాలో స్టాక్ ఎక్స్ఛేంజీ తెరుచుకుంది. అమ్మకానికి వచ్చినవి అయిదు కంపెనీల షేర్లే. వ్యాపారం వారానికి ఒక్కరోజే. దానికి ఇచ్చిన భవనం మాత్రం మామూలుది కాదు, నిన్నమొన్నటి దాకా కమ్యూనిస్టు పార్టీ కేంద్ర కార్యాలయం. ఇంతకన్నా అనువైన ప్రతీక దొరకదు కనుక పోలండ్ కథ చెప్పేవాళ్లు తరచూ ఇక్కడే మొదలుపెట్టి, సోషలిజం పోయింది, మార్కెట్ వచ్చింది, దేశం బాగుపడింది అని తేల్చేస్తారు. దేశం బాగుపడిన మాట వాస్తవమే. ఎలా బాగుపడిందన్న దగ్గరే పేచీ.

జనాభాలో పోలండ్ సుమారుగా మన తెలంగాణ అంత. 1992 నుంచి 2019 దాకా ఒక్క ఏడాదైనా దాని ఆర్థిక వ్యవస్థ వెనక్కి నడవలేదు. 2009లో ప్రపంచ సంక్షోభానికి మిగతా ఐరోపా సమాఖ్య దేశాలన్నీ కుదేలైనప్పుడు ఎదుగుదల చూపింది ఇదొక్కటే. 2004లో సమాఖ్యలో చేరేనాటికి, ధరల తేడాలు సర్ది చూస్తే, దాని తలసరి ఆదాయం సమాఖ్య సగటులో దాదాపు సగం. ఇప్పుడు 80 శాతానికి చేరువ. 1980ల్లో మాంసం కోసం రేషన్ కూపన్లు పట్టుకుని తెల్లవారకముందే క్యూ కట్టిన జనం వీళ్లు. దుకాణం అరల్లో వెనిగర్ సీసాలు తప్ప ఏమీ ఉండేవి కావని ఆ తరంవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు.

పరిశ్రమలు లేక వచ్చిన దుస్థితి కాదది. మన ఊళ్లలో పాలక్యాన్లు మోసిన రాజ్‌దూత్ మోటార్‌సైకిలుకు మూలం పోలండ్ ‘ఎస్‌హెచ్‌ఎల్’ బండే. ఎస్కార్ట్స్ ట్రాక్టర్లకు తొలినాళ్లలో సాంకేతికత ఇచ్చింది అక్కడి ఉర్సుస్ సంస్థ. 1970ల్లో పార్టీ నేత ఎడ్వర్డ్ గియెరెక్ పశ్చిమ దేశాల్లో అప్పులు చేసి యంత్రాలు తెప్పించాడు. ఆ యంత్రాలపై తయారైన సరుకు అప్పు తీర్చేంతగా బయట అమ్ముడుపోలేదు; వడ్డీ మాత్రం పెరుగుతూ పోయింది. 1980లో మాంసం ధరలు పెంచేసరికి సమ్మెలు మొదలయ్యాయి. గ్దాన్‌స్క్ ఓడల కర్మాగారంలో లెక్ వలేసా నాయకత్వాన సాలిడారిటీ కార్మిక సంఘం పుట్టింది. మరుసటి ఏడాది సైనిక పాలన దాన్ని అణచింది గానీ అప్పును అణచలేకపోయింది.

1989లో సాలిడారిటీ ప్రభుత్వం వచ్చింది. ఆర్థికమంత్రి లెషెక్ బల్సెరోవిచ్ 1990 జనవరి 1 నుంచి ‘షాక్ థెరపీ’ మొదలుపెట్టాడు. చాలా సరుకుల ధరలపై నియంత్రణలు ఎత్తేశారు, సబ్సిడీలు కోశారు, దిగుమతులకు దారి వదిలారు. ప్రభుత్వ సంస్థలు పరిమితి దాటి జీతాలు పెంచితే భారీ పన్ను వేశారు. ఆ ఒక్క నెలలోనే ధరలు దాదాపు 80 శాతం ఎగబాకాయి. జీతాల విలువ కరిగింది, అరలు నిండాయి. వార్సా కాలిబాటల మీద మడత మంచాలు పరుచుకుని జనం అమ్మకాలకు దిగారు: జీన్సు, సబ్బులు, కారు డిక్కీలోంచి మాంసం. ఇంత తేలిగ్గా దిగగలగడానికి కారణం, కమ్యూనిస్టు ప్రభుత్వమే పోతూపోతూ 1988 డిసెంబరులో తెచ్చిన చట్టం. చట్టం కాదనని ఏ వ్యాపారమైనా ఎవరైనా చేసుకోవచ్చన్నది దాని సారం. ఈ ముక్కను కమ్యూనిస్టు వ్యతిరేకులు చెప్పరు, కమ్యూనిస్టులూ గొప్పగా చెప్పుకోరు.

తొందర అంతవరకే. పెద్ద ప్రభుత్వ సంస్థల అమ్మకం దగ్గరికొచ్చేసరికి పోలండ్ నత్తనడక నడిచింది. 1981 నాటి చట్టం ప్రతి సంస్థలోనూ కార్మిక మండళ్లకు అధికారమిచ్చింది. వాళ్లు ఒప్పుకోనిదే అమ్మకం కదిలేది కాదు. రష్యా 1992-94 మధ్య జనానికి షేర్ల వోచర్లు పంచి కర్మాగారాలను వదిలించుకుంటే అవి కొద్దిమంది గుప్పిట్లోకి పోయాయి. చెక్ దేశంలో వోచర్లు పోగేసిన పెట్టుబడి నిధులను వాటిని నడిపినవాళ్లే డొల్ల చేశారు. పోలండ్ వోచర్ పథకం 1995 దాకా పట్టాలెక్కలేదు, ఎక్కినా 512 సంస్థలకే. ఆలోగా బ్యాంకులు, కోర్టులు, షేర్ల వ్యాపారంపై నిఘా కుదురుకున్నాయి. ఇది ముందుచూపు అనలేం. కార్మికుల మొండితనం నాయకుల తొందరకు పగ్గం వేసింది, అంతే. నేటికీ చమురులో ఓర్లెన్, బ్యాంకుల్లో పీకేఓ, బీమాలో పీజడ్‌యూ ప్రభుత్వ పట్టులోనే ఉన్నాయి. పొలాల సంగతీ అంతే: స్టాలిన్ నాటి సమష్టీకరణను రైతులు తిప్పికొట్టడంతో సోషలిస్టు కాలమంతా సుమారు ముప్పావు వంతు సాగుభూమి వాళ్ల చేతుల్లోనే ఉండిపోయింది.

ఇక అప్పు. 1991 ఏప్రిల్‌లో పారిస్ క్లబ్‌గా ఏర్పడ్డ రుణదాత దేశాలు పోలండ్ తమకు బాకీ ఉన్నదాంట్లో సగం మాఫీ చేశాయి. అదే ఏడాది జూలైలో పీవీ నరసింహారావు ప్రభుత్వం చెల్లింపుల గండం గట్టెక్కడానికి సుమారు 47 టన్నుల బంగారం విదేశాల్లో కుదువ పెట్టింది. మన అప్పుకు మాఫీ లేదు, తాకట్టే ఉంది. పోలండ్‌కు దొరికిన దయ వెనక లెక్క ఉంది: సోవియట్ నీడలోంచి బయటపడిన దేశం కూలిపోతే పశ్చిమానికి పరువు తక్కువ. తర్వాత ఐరోపా సమాఖ్య నిధులు రోడ్లుగా, రైలు మార్గాలుగా వచ్చాయి. సమాఖ్య మార్కెట్ వాటికన్నా పెద్ద వరం. పోలండ్ ఎగుమతుల్లో పావు వంతుకు పైగా పక్కనున్న జర్మనీకే. పోలండ్‌ను చూసి నేర్చుకోమని చెప్పే నిపుణులు, పక్కన జర్మనీ ఉండాలన్న షరతును ఎందుకో చెప్పరు.

ఈ మార్పుకు మూల్యం చెల్లించినవాళ్లు ఉత్తర, పశ్చిమ జిల్లాల ప్రభుత్వ వ్యవసాయ క్షేత్రాల కూలీలు. 1991 చివర్లో చట్టం చేసి ఆ క్షేత్రాలను మూసేశారు. అక్కడ ఊరంటే పొలాల మధ్య నిలబడ్డ నాలుగంతస్తుల కార్మికుల ఇళ్లు. నీళ్లు, వేడి, పిల్లల బడికి బస్సు అన్నీ క్షేత్రమే చూసేది. అది పోయాక ఫ్లాటు మిగిలింది గానీ పని మిగల్లేదు, పట్నానికి బస్సూ మిగల్లేదు. దేశంలో నిరుద్యోగం 2002-03 నాటికి 20 శాతానికి చేరింది. సమాఖ్యలో చేరగానే లక్షల మంది బ్రిటన్, ఐర్లండ్ విమానాలెక్కారు. వలసల వల్ల కూడా తగ్గిన నిరుద్యోగాన్ని సంస్కరణల ఖాతాలోనే రాసుకున్నారు. 2015లో లా అండ్ జస్టిస్ పార్టీ గెలిచి, మరుసటి ఏడాది చాలా కుటుంబాల్లో రెండో బిడ్డ నుంచి ఒక్కొక్కరికి నెలకు 500 జ్వాటీల (పోలండ్ కరెన్సీ) భృతి మొదలుపెడితే ఉదారవాదులు ఓట్ల కొనుగోలన్నారు. పాతికేళ్లు గణాంకాల్లో తప్ప ఎదుగుదల చూడని పల్లెలకు అది చేతికందిన మొదటి వాటా.

ఆ భృతి పేదరికాన్ని తగ్గించింది గానీ పిల్లల సంఖ్యను పెంచలేదు. ఇప్పుడు సంతాన రేటు 1.1 దరిదాపుల్లో ఉంది, ఐరోపాలో అట్టడుగు స్థాయిల్లో ఒకటి. చౌక కూలీల కాలం ముగిసింది. ఖాళీలను చాలావరకు ఉక్రేనియన్లు నింపుతున్నారు. వార్సా, వ్రోత్స్వాఫ్ నగరాల్లో భారతీయ విద్యార్థులూ, డెలివరీ కుర్రాళ్లూ కనిపిస్తున్నారు. 2022 యుద్ధంలో ఉక్రెయిన్ నుంచి మన తెలుగు వైద్య విద్యార్థుల్లో కొందరు బయటపడిందీ పోలండ్ సరిహద్దు మీదుగానే. అదే పోలండ్‌లో ఇప్పుడు వీసాలు బిగిస్తామన్నవాళ్లకే ఓట్లు రాలుతున్నాయి. వలస వెళ్లిన బిడ్డలు పంపిన డబ్బుతో ఇల్లు కట్టుకున్న పల్లెల్లో సైతం ఆ మాటకు చప్పట్లు పడుతున్నాయి.