నీటి మీద పూచీకత్తు



ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాలు సాధారణంగా డిపాజిట్లు, నామినేషన్లు, పింఛన్ల గురించే ఉంటాయి. ఈసారి హోస్పేట నుంచి ఒక సోదరి వేరే సందేహం రాశారు. "పిల్లలు మా ఇద్దరికీ అండమాన్ టిక్కెట్లు కొన్నారు. అక్కడ సముద్రంలో మొహం ముంచి చేపల్ని చూపిస్తారట. మాకు ఈత రాదు. జాకెట్టు తొడుగుతారు, భయం లేదు అంటున్నారు. నమ్మవచ్చా?" అని.

డబ్బు లెక్కల శీర్షికలో ఇదేమిటని కొందరికి అనిపించవచ్చు. కానీ పూచీకత్తు పత్రం చదివి, అది దేనికి పనికివస్తుందో దేనికి పనికిరాదో చెప్పడమే ముప్ఫై ఏళ్ళుగా నా వృత్తి. ఆ జాకెట్టు కూడా ఒక పూచీకత్తే. అందుకని ఆ సోదరికి ముందుగా ఒక్క మాటలో జవాబు చెబుతాను: సగం నమ్మవచ్చు. మిగతా సగం ఏమిటో వివరిస్తాను.

మన కుటుంబాల్లో ఇది అరుదైన సందేహమేమీ కాదు. బ్యాంకు వారికి ఎల్.ఎఫ్.సి., ప్రభుత్వోద్యోగులకు ఎల్.టి.సి. ఉండటంతో అండమాన్ వెళ్ళివచ్చినవారు ప్రతి వీధిలోనూ ఉన్నారు. 2001లో వచ్చిన ఎర్రరంగు 20 రూపాయల నోటు వెనుక కొబ్బరిచెట్ల మధ్య కనిపించే దీపస్తంభం అక్కడి నార్త్ బేలోదే. 2018లో హేవలాక్ దీవి స్వరాజ్ ద్వీప్ అయింది. 2024లో పోర్ట్ బ్లెయిర్ శ్రీ విజయపురం అయింది. పేర్లు మారినా పర్యాటకులు తగ్గలేదు. అంత దూరం వెళ్ళలేనివారికి మహారాష్ట్రలో మాల్వణ్, కర్ణాటకలో మురుడేశ్వరం దగ్గరి నేత్రాణి దీవి ఉన్నాయి.

స్నార్కెలింగ్ అంటే కళ్ళకూ ముక్కుకూ కలిపి అద్దం కట్టుకుని, పైకి వంగిన గొట్టాన్ని నోట్లో కరిచిపట్టి, నీటి మీద బోర్లా తేలుతూ, నోటితో గాలి పీలుస్తూ అడుగున ఉన్న పగడాలనూ చేపలనూ చూడటం. మునగనక్కరలేదు. మరి ఈత రానివారు తేలేదెలా?

మన పల్లెల్లో పిల్లలకు ఈత నేర్పేటప్పుడు నడుముకో వీపుకో మునగ బెండ్లు కట్టేవారు. కొన్నిచోట్ల ఎండిన సొరబుర్ర కట్టేవారు. ఆ సూత్రమే సముద్రం మీదా పనిచేసింది. ఇంగ్లండులో పడవ సిబ్బంది కోసం 1854లో కెప్టెన్ వార్డ్ తయారుచేసిన కవచంలో ఉన్నవి బెరడు ముక్కలు. తరవాతి కాలంలో మనం దిండ్లలో కూరే బూరుగు దూదిని లైఫ్ జాకెట్లలో నింపారు. ఇప్పుడు వాటి స్థానంలో కృత్రిమ ఫోమ్ వచ్చింది. మనిషి శరీరం ఎటూ దాదాపు నీటి బరువుతో సమానమే, ఉప్పునీటిలో ఇంకాస్త తేలిక. పెద్దవారిలో చాలామందికి తల పైన నిలవడానికి అదనంగా మూడు నుంచి ఐదున్నర కిలోల తేల్చే బలం చాలు. కనుక తేలడం అంత కష్టం కాదు. ఏ భంగిమలో తేలుతామన్నదే అసలు ప్రశ్న.

లైఫ్ జాకెట్టును తయారుచేసిందే మనిషిని వెల్లకిలా తిప్పడానికి. పడవ మునిగి స్పృహ తప్పినా ముక్కూ నోరూ పైకి ఉండాలని దాని తేల్చే బలాన్ని ఛాతీ మీదా మెడ చుట్టూ పెడతారు. స్నార్కెలింగ్ చేయవలసిందేమో బోర్లా పడుకుని. అంటే ప్రాణం కాపాడే వస్తువు ఒకవైపు లాగుతుంది, చూడాలన్న సరదా మరోవైపు లాగుతుంది. ఈ పెనుగులాటలోనే కొత్తవారు అలసిపోతారు, గాభరాపడతారు.

స్వరాజ్ ద్వీప్‌లోని ఎలిఫెంట్ బీచ్ దగ్గర మా ఆవిడకు జరిగింది ఇదే. పడవవారు ఇచ్చిన జాకెట్టు ఒక సైజు పెద్దది. నీటిలో దిగగానే అది చెవులదాకా ఎగదన్నుకుంది. తల వంచితే గడ్డం జాకెట్టుకు తగులుతుంది, గొట్టంలోకి నీళ్ళు వస్తాయి. రెండు నిమిషాల్లో "నాకొద్దు బాబోయ్" అని ఒడ్డుకు వచ్చేసింది. అక్కడి గైడు కుర్రవాడు మా మాటలు విని తెలుగులో పలకరించాడు. వాళ్ళ తాతగారిది శ్రీకాకుళం వైపట. "అమ్మా, భయం మీది కాదు, జాకెట్టుది" అని, ఒంటికి సరిపోయేది వెతికి తెచ్చి, కాళ్ళ మధ్య నుంచి వచ్చే పట్టీ బిగించి, గాలి ట్యూబు ఒకటి చేతికిచ్చాడు. చేతులు చాచి ట్యూబు పట్టుకుంటే ఒళ్ళు తనంతట బోర్లా సాగింది. అతను తాడు పట్టుకుని ముందు ఈదుతుంటే, ఇరవై నిమిషాలపాటు ఆవిడ తల ఎత్తలేదు.

ఇక దొరికే సాధనాలు ఏవి ఎవరికో చూద్దాం.

మొదటిది ఫోమ్ జాకెట్టు. ఊదనక్కరలేదు, మీట నొక్కనక్కరలేదు. మనం ఏమీ చేయకపోయినా పనిచేస్తుంది కనుక ఈత రానివారికి ఇదే శ్రేష్ఠం. లోపలి చీటీ మీద 50, 100, 150 వంటి అంకె ఉంటే గమనించండి. ఐ.ఎస్.ఓ. 12402 అనే అంతర్జాతీయ ప్రమాణంలో తేల్చే బలాన్ని న్యూటన్లలో చెబుతారు. 10 న్యూటన్లంటే సుమారు ఒక కిలో. 50 అని ఉన్నది ఈత వచ్చినవారికి, అదీ సాయం దగ్గరలో ఉన్నచోట. దాన్ని లైఫ్ జాకెట్టు అనరు. 100, ఆ పైన ఉన్నవే లైఫ్ జాకెట్లు. పడవ ప్రయాణంలో ఈత వచ్చినా రాకపోయినా ఇవే వేసుకోవాలి.

రెండవది మెడలో వేసుకుని నోటితో ఊదే స్నార్కెల్ వెస్టు. సగం ఊదితే బోర్లా హాయిగా తేలవచ్చు, నిండా ఊదితే నిలువుగా సేదతీరవచ్చు. కొద్దోగొప్పో ఈత వచ్చినవారికి చాలా అనుకూలం. కానీ ఊదకపోతే అది వట్టి గుడ్డ. గాభరాలో ఉన్న మనిషి అప్పటికప్పుడు ఊదుకోలేడు. కనుక ఒడ్డునే ఊదుకుని దిగాలి. సొంతది కొన్నవారు ముందురోజు రాత్రి నిండా ఊది గదిలో ఉంచండి, తెల్లవారేసరికి మెత్తబడితే ఎక్కడో కారుతున్నట్టే. నీరు తగలగానే తనంతట ఉబ్బే రకం పడవలకోసం చేసింది, స్నార్కెలింగుకు పనికిరాదు.

మూడవది నడుముకు కట్టే ఫోమ్ బెల్టు. మన మునగ బెండ్లకు వారసురాలు. నడుమును తేలుస్తుందిగాని తలను నిలపదు. నీటి భయం పోయినవారికే ఇది.

నాలుగవది చేత్తో పట్టుకునే ట్యూబు, పొడవాటి ఫోమ్ కడ్డీ. పట్టు వదిలితే పూచీ తీరిపోయినట్టే. జాకెట్టుకు తోడుగానే వాడాలి. పిల్లలు ఆడుకునే గాలి బాతులు, చేతి పట్టీలు ఈ లెక్కలోకే రావు. గాలి వీస్తే లోపలికి కొట్టుకుపోతాయి.

అద్దెకు తీసుకునేచోట మొహమాటపడకండి. బకిల్స్ అన్నీ పడుతున్నాయా, గుడ్డ చిరిగిందా, ఫోమ్ గట్టిపడి పెళుసెక్కిందా చూడండి. అన్నీ బిగించాక మరొకరిచేత భుజాల దగ్గర పైకి లాగించండి. జాకెట్టు గడ్డం దాటి లేస్తే అది మీది కాదు. విరిగిన బకిల్ స్థానంలో తాడు కడతామంటే వద్దని చెప్పండి. పిల్లలకు వయసును బట్టి కాక, చీటీ మీద రాసిన బరువును బట్టి ఇవ్వాలి. ఆడవారు చీర, చున్నీ వదిలి ఒంటికి అంటిపెట్టుకునే దుస్తులు వేసుకోవడం క్షేమం. మీసాలున్న మగవారికి అద్దంలోకి నీరు ఊరుతుంది. అది జాకెట్టు తప్పు కాదు, మీసం తప్పు.

ఇప్పుడు మిగిలిన సగం. పూచీదారు ఉన్నంతమాత్రాన అప్పు తీర్చే శక్తి రాదు. జాకెట్టు నీటిపైన ఉంచుతుందేగాని ఊపిరి పీల్చిపెట్టదు. హవాయి దీవుల్లో నీట మునిగి చనిపోయే పర్యాటకుల్లో ఎక్కువమంది స్నార్కెలింగ్ చేస్తున్నవారే. అక్కడ జరిపించిన ఒక అధ్యయనం 2021లో వెలువడింది. గొట్టంలోంచి గాలి పీల్చడానికి పడే శ్రమ, దానికి ఒంటి శ్రమ తోడైతే ఊపిరితిత్తుల్లో నీరు చేరి ప్రాణవాయువు పడిపోవచ్చని, ఈత వచ్చినవారికీ ఇది తప్పదని అందులో అభిప్రాయపడ్డారు. అలాంటప్పుడు మనిషి కేకలు వేయడు, చేతులు కొట్టుకోడు. ఆయాసం, ఆ వెంటనే నీరసం, అంతే. దూరం నుంచి చూసేవారికి హాయిగా చేపల్ని చూస్తున్నట్టే ఉంటుంది.

నాతో పనిచేసిన ఒక మిత్రుడు తుంగభద్ర కాలువల్లో ఈత నేర్చినవాడు. యాభై ఎనిమిదో ఏట స్నార్కెలింగుకు వెళ్ళాడు. ఈత వచ్చుగదా అని జాకెట్టు వద్దనబోతే కొడుకు బలవంతంగా తొడిగించాడు. ఎదురు ప్రవాహంలో కాస్త ఈదేసరికి ఊపిరి అందలేదు, చేతులు ఆడలేదు. గొట్టం ఊసేసి వెల్లకిలా తిరిగాడు. మిగతా పని జాకెట్టు చూసుకుంది. కొడుకు వచ్చేదాకా ఆయన చేయగలిగింది ఆకాశం చూడటమే. జాకెట్టు లేకుంటే ఆ కథ నాకు చెప్పడానికి ఆయన ఉండేవాడు కాదు.

కనుక ఆయాసం మొదలవగానే గొట్టం తీసేయండి, వెల్లకిలా తిరగండి, చేయి ఎత్తి పిలవండి, నీటిలోంచి బయటికి రండి. మొహమంతా కప్పే అద్దం అంత తొందరగా ఊడదు, మామూలుదే నయం. గుండెజబ్బు, రక్తపోటు ఉన్నవారు వైద్యుని అడిగాకే దిగాలి. విమానం దిగిన రోజే దిగకుండా ఒకటి రెండు రోజులు ఆగడం మంచిది. ఇద్దరిలో ఒకరు చూస్తుంటే రెండోవారు కనిపెట్టుకుని ఉండాలి. జాకెట్టు ఉన్నా కెరటం తోసుకుపోగలదు గనుక గైడును వదిలి వెళ్ళవద్దు. అలసటకు పగడాల మీద నిలబడకండి. కాళ్ళు కోసుకుంటాయి, ఏళ్ళ తరబడి పెరిగిన ప్రాణి క్షణంలో చస్తుంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 కింద పగడాలకు రక్షణ కూడా ఉంది.

"దిగితేగాని లోతు తెలియదు" అన్నది సామెత. కానీ దిగవలసిన మొదటి చోటు సముద్రం కాదు. ప్రయాణానికి నెలముందు ఊళ్ళోని ఈతకొలనులో, ఛాతీలోతు నీటిలో జాకెట్టు, అద్దం, గొట్టం పెట్టుకుని నాలుగు రోజులు అలవాటు చేసుకోండి. బోర్లా తేలడం, గొట్టంలో చేరిన నీటిని ఊది పంపడం, వెల్లకిలా తిరగడం, ఈ మూడూ వస్తే చాలు. మన సంఘం వేసవి శిబిరంలో పిల్లలకు పద్యాలు, కోలాటం నేర్పుతున్నాం. ఈత కూడా చేర్చాలని కార్యవర్గానికి నా మనవి. నేర్చుకోవడానికి ముందుకు వచ్చే పెద్దవారిలో మా ఆవిడ పేరు మొదట రాసుకోండి.

వచ్చే సంచికలో లాకరు ఒప్పందంలో చదవకుండా సంతకం పెట్టే షరతుల గురించి ముచ్చటించుకుందాం.