బ్రేకులో లోపం

ఇరవయ్యేళ్ళుగా క్లాసులో సంధుల్లోని లోపాలు చెబుతున్నవాణ్ణి. మా బావమరిది పాత పికప్ వ్యానులో లోపం మాత్రం పట్టుకోలేకపోయాను.

మొన్న వేసవిలో నర్సీపట్నం నుంచి లంబసింగి వెళ్ళాలి. బయలుదేరబోతూ చూస్తే, బ్రేకు పెడల్ అదిమి పట్టినకొద్దీ మెల్లగా కిందికి జారిపోతున్నది. డబ్బాలో ఆయిలు నిండుగా వుంది. చక్రాల దగ్గర తడి లేదు. "పాత బండి గదా, ఫరవాలేదు. ఘాట్ ఎక్కుతుంది, దిగుతుంది" అన్నాను.

"దిగుతుంది సరే, ఆగుతుందా?" అంది మా ఆవిడ. పిల్లల్ని ఎక్కనివ్వలేదు.

చేసేది లేక షెడ్డుకి వెళ్ళాం. మేస్త్రీ ఓపిగ్గా చెప్పాడు:

"రెండు మూడుసార్లు తొక్కితే పెడల్ పైకొచ్చి గట్టిపడిందనుకోండి మాస్టారూ, గొట్టాల్లో గాలన్నా వుండాలి, డ్రమ్ముల్లో షూలన్నా అరిగి వుండాలి. బండి ఒక పక్కకి లాగితే చక్రాలు విప్పి చూడాలి. మీది అదిమి పట్టినా జారుతోంది, బయట చుక్క లేదు. మాస్టర్ సిలిండర్లో రబ్బర్లు అరిగిపోయాయి. ఆయిలు లోపల్లోపలే వెనక్కి తప్పుకుంటోంది."

విప్పితే అక్షరాలా అంతే! కిట్టు మార్చి, గొట్టాల్లో గాలి తీశాక పెడల్ రాయిలా నిలిచింది.

బయట తడి లేదని ధైర్యపడ్డవాణ్ణి నేను. మీ ఇంట పాత బండి వుంటే, ప్రయాణానికి ముందు ఇంజను వేసి, పెడల్‌ను అరనిమిషం అదిమి పట్టి చూడండి. జారిందా, దారి షెడ్డుకే. ఇంట్లోవాళ్ళు అడ్డుచెబితే మాత్రం విసుక్కోకండి.