గృహిణీ సూచనలు: తిరువయ్యారు ఆరాధనకు పోవు సోదరీమణులకు

పుష్యమాసము సమీపించినంతనే తిరువయ్యారున జరుగు త్యాగరాజస్వామివారి ఆరాధనకు పోవలెనని పెక్కురు సోదరీమణులు ఉవ్విళ్లూరుచుందురు. తంజావూరునకు సుమారు 13 కిలోమీటర్ల దూరమున, కావేరీతీరమున, 1847వ సంవత్సరము పుష్యబహుళ పంచమినాడు స్వామి సిద్ధిపొందిన చోటనే ఈ ఉత్సవము జరుగును. ఇది గోడలు, కుర్చీలు గల సంగీతశాల కాదు. సమాధిమందిరము చెంత పందిళ్లక్రింద నేలపై కూర్చుండి వినవలసిన సభ. తెల్లవారుజామున మంచు, మధ్యాహ్నమున ఎండ, ఎల్లవేళల జనసమ్మర్దము, వీనినన్నిటిని ఓర్చుకొనవలసియుండును.

పోయివచ్చినవారిని "ఏమి వింటిరమ్మా?" యని యడుగుదుము. "పిల్లవానితోనే సరిపోయినది," "మూటలకు కావలియుంటిమి" యని చెప్పువారు తఱచుగా కానవచ్చుచుందురు. అంతదూరము వ్రయప్రయాసలకోర్చి పోయి వినకయే తిరిగివచ్చుట యెంత కష్టము! ముందుగా కొంత యేర్పాటు చేసికొన్నచో ఈ కష్టము చాలవరకు తప్పును.

ప్రయాణము: ఇంగ్లీషు తేదీ ఏటేటా మారుచుండును. పంచాంగమున పుష్యబహుళ పంచమిని చూచుకొనవలెను. అది సాధారణముగా జనవరిలోను, ఒక్కొక్కయేడు ఫిబ్రవరి మొదటివారమునను వచ్చును. తిరువయ్యారు చిన్న ఊరు. బసలు కొలదిగనే దొరకును. కావున తిథి తెలిసినంతనే తంజావూరున బస కుదుర్చుకొనుట మేలు. అచ్చటినుండి బస్సులు కలవు. చెన్నపట్టణము మీదుగా పోవువారు, దిగు స్టేషనొకటి, తంజావూరు బండి బయలుదేరు స్టేషను వేఱొకటి కావచ్చునని టిక్కెట్టు కొనునపుడే చూచుకొనవలెను. పిల్లలతోను, సామానుతోను ఊరిలో స్టేషను మారుటకు తగిన వ్యవధి యుంచుకొనుడు.

వెంట నుండవలసినవి: మడచిన చిన్న జంపఖానా యొకటి, శాలువ యొకటి, మంచినీరు, పిల్లలకొక పొడిబట్ట. పట్టుచీరలు, బరువైన నగలు ఇంటనే యుంచుడు. గుంపులో నగపైనే దృష్టి నిలిచిన, పాటపై నిలువదు. నూలుచీర కూర్చుండుటకును లేచుటకును సుఖము. చెప్పులు వెలుపల విడిచి వెదకుకొనుటకంటె గుడ్డసంచిలో వేసి దగ్గఱ నుంచుకొనుట మంచిది. ఆహారమునకు పులిహోర, అరటిపండ్లు, వేయించిన అటుకులు చాలును. కారెడు కూరలు, చిత్రాన్నముల గిన్నెలు విప్పుకొని పక్కవారి మధ్య వడ్డించుకొనుట సభకు తగదు. ఆకులు, తొక్కలు సంచిలో వేసికొని వెలుపల పాఱవేయవలెను. కావేరిలో వేయరాదు.

కూర్చుండుచోటు: పంచరత్నకీర్తనలను పంచమినాటి ఉదయము ఇంచుమించు 9 గంటలకు గాయకులందఱు కూడి పాడుదురు. ఆనాడు ఎండయెక్కిన పిదప పోయినచో స్థలము దొరకదు. 7 గంటలకే చేరవలెను. లౌడుస్పీకరునకు ఎదురుగా కూర్చుండకుడు. తంబురాల నాదము, వీణల మెలకువ దూరముగా నున్నను సరియే, పక్కనున్నచోటనే బాగుగా వినవచ్చును. పసిపిల్లలు గలవారును, వృద్ధులును త్రోవప్రక్కను కూర్చుండుట క్షేమము. నడుమనుండి లేచుటకు పదిమందిని దాటవలసివచ్చును. లేవవలసివచ్చినపుడు కీర్తన ముగియువఱకు ఆగి లేవుడు. పందిటి అంచున ఉదయము నీడయున్న తావున మధ్యాహ్నము ఎండ పడవచ్చును. ఇది తలచుకొని చోటు ఎంచుకొనవలెను. గొడుగు విప్పినచో వెనుకవారికి వేదిక కనబడదు. తలపై కొంగు కప్పుకొనుట మంచిది.

పిల్లలు: ప్రతి పిల్లవాని జేబులోను తల్లిదండ్రుల ఫోను నంబరు వ్రాసిన చీటి యుంచుడు. తప్పిపోయినచో ఎచ్చట నిలువవలెనో పోయినవెంటనే చూపియుంచుడు. నదీతీరము గనుక ఒంటరిగా మెట్లవైపు పోనీయరాదు. చేతిఫోను మ్రోగకుండ చేసికొనుడు. దానిని పైకెత్తి బొమ్మలు తీయుచు కూర్చుండువారు తామును వినరు, వెనుకవారిని చూడనీయరు.

వినుట: మన తెలుగుస్త్రీలకు ఇచ్చట గొప్ప యదృష్టము కలదు. ఐదు రత్నములలో నాటరాగకీర్తన సంస్కృతము. గౌళ, ఆరభి, వరాళి, శ్రీరాగములలోని తక్కిన నాలుగును తెలుగు. ఇతరభాషలవారు ఎంతయో శ్రమపడి ఆ మాటలను నేర్చి పాడుచుండ, మనకవి పుట్టుకతో వచ్చిన మాటలు. పయనమునకు ఒక నెల ముందుగా వారమునకొక కీర్తన చొప్పున అర్థముతో చదువుకొన్నచో, ఆనాడు చరణము చరణమునకు మనసు వెంటనే పోవును. అన్నియు ఆదితాళమే, చేతితో మెల్లగా తాళము వేసికొనవచ్చును. గొంతు కలుపుటయు తప్పు కాదు, ప్రక్కవారి చెవిలో పాడుట మాత్రము తప్పు. పంచరత్నములు ముగిసినంతనే పలువురు లేచిపోవుదురు. మీరు పోకుడు. పిమ్మట పేరుగాంచినవారును, నూతనగాయకులును స్వల్పకాలము చొప్పున పాడుచునే యుందురు. జనము పలుచనైన ఆ వేళయే వినికిడికి ఉత్తమము.

ఇక నొక ముఖ్యవిషయము. ఈ సమాధిమందిరము నిలిపినది ఒక స్త్రీ. ముద్దుపళని రాధికాసాంత్వనమును 1910లో పరిష్కరించి ముద్రింపించిన విదుషి బెంగుళూరు నాగరత్నమ్మగారు (1878-1952) తన ఆస్తిని వెచ్చించి స్థలము సంపాదించి మందిరము కట్టించిరి. 1926లో దానికి ప్రతిష్ఠ జరిగెను. అయినను ఆనాటి ఆరాధనలలో స్త్రీలకు పాడుటకు తావు లేకుండెను. ఆమె వెనుదీయక 1927 మొదలు స్త్రీలను కూర్చుకొని వేఱుగా ఆరాధన నడపిరి. పిదప 1940 ప్రాంతమున పక్షములన్నియు ఏకమై, స్త్రీపురుషులు కలిసి పాడుట ఆరంభమాయెను. ఆమె సమాధియు ఆ సమీపముననే కలదు. చూచి నమస్కరింపక రాకుడు.

అంతకష్టమున దొరకిన తావున కూర్చుండియు మనము మూటలకు కావలి కాయుట యేమి న్యాయము? కావున పయనమునకు ముందే ఇంటిలో ఒక మాట అనుకొనుడు. పంచరత్నముల గంటసేపు పిల్లవానిని తండ్రి చూచుకొనవలెను. ఆయనకు ఇష్టమైన విద్వాంసుడు పాడునపుడు తల్లి చూచుకొనును. అత్తగారు, వదినగారు వెంటనున్నచో వంతులు వేసికొనవచ్చును. ఇది గొంతెమ్మకోరిక కాదు. భర్తలును ఈ మాటను సంతోషముతో అంగీకరింతురనియే మా నమ్మకము. అంగీకరింపనిచో ఈ పుట వారికి చదివి వినిపింపుడు.

పాకశాలను ఇంటనే విడిచి, మనసును సభకు తీసికొనిపోవు సోదరీమణులకు శుభప్రయాణము.